మచ్చ కుడి బుగ్గ మీదే ఉంటుంది, సర్దుకోండి

నిన్న పొద్దున బందరులో సెలూన్ కుర్చీలో ఉన్నాను. ఒక బుగ్గ గీయడం అయింది. రెండోది ఇంకా మొదలవలేదు.

ఫోన్ మోగింది.

"అబ్బాయ్, అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందిరా" అన్నారు దావీదు మావయ్య, మా టీచర్ గారి తమ్ముడు.

ఎదురుగా అద్దంలో నా ముఖం. ఏం చెయ్యాలో దానికీ తెలియలేదు.

మెడలో తువ్వాలుతోనే పరుగెత్తాను. (సెలూన్ వారికి మనవి: తువ్వాలు క్షేమం.)

సుగుణ టీచర్ గారు ఇక లేరు.

తెలియని వాళ్ల కోసం: ఆవిడ మా స్కూల్ డ్రాయింగ్ టీచర్. పుట్టింది దివిసీమలో, మా చెవులు మెలిపెట్టింది బందరులో. రిటైరయ్యాక తోటి టీచర్లందరూ వాకింగూ, బీపీ మాత్రలూ మొదలుపెడితే, ఈవిడ పెరట్లో షెడ్డు వేసి ఎచింగ్ మొదలుపెట్టారు. శిష్యగణం: నేనొక్కణ్ణే.

రాగి రేకు మీద మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచాలి. మైనం గీరిన చోటల్లా యాసిడ్ రాగిని తింటుంది. ఆ గీతల్లో ఇంకు కూరి, పైపైన తుడిచి, తడి పేపర్ వేసి మిషన్లో నొక్కితే బొమ్మ దిగుతుంది.

చెప్పడానికి ఇంతే. నేర్చుకోవడానికి నా డిగ్రీ మొత్తం పట్టింది. డిగ్రీ బీకాం లెండి, టైముకి లోటు లేదు.

ప్రెస్సు కథ వేరే. దావీదు మావయ్యకి గుడివాడలో లేత్ షాపు. ఎక్కడిదో పాత చెరుకు రసం మిషన్ తెచ్చి, రోలర్లు నున్నగా పట్టించి, "ఇదిగో అక్కా, నీ ప్రెస్సు" అని దించేశారు.

పళ్ల చక్రాల సందుల్లో పాత రసం ఇంకా ఉందని ఎవరికీ తోచలేదు.

తొలి ప్రింట్ హంసలదీవి మడ అడవి. బొమ్మ ఆరేలోపే దాని మీద చీమల బారు. టీచర్ గారు కళ్లజోడు సర్దుకుని, "చూశావురా, మన ఎగ్జిబిషన్‌కి జనం ఎలా వస్తున్నారో" అన్నారు.

ఇందులో అసలు విద్య తుడవడం. ముందు గుడ్డతో, చివర్లో అరచేత్తో. ఎక్కువ తుడిస్తే బొమ్మ పాలిపోతుంది. తక్కువైతే మసి. నేను రెండిట్లోనూ ఆరితేరాను.

"అంట్లు తోముతున్నావేంట్రా? ముఖం తుడిచినట్టు తుడువు!"

అని నన్ను పక్కకి నెట్టి తనే తుడిచేసేవారు. ఆ చివరి తుడుపు ఎప్పుడూ ఆవిడదే.

పోయిన ఏడాది ఆవిడ బొమ్మే వేశాను. ఎదురుగా కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు రేకు మీద గీశాను. ప్రింట్‌లో అన్నీ తిరగబడతాయని నాకు తెలుసు. అందుకే కింద మూలన నా పేరు ఎంతో జాగ్రత్తగా తిరగేసి రాశాను.

పేరు ఒక్కటే తిరగేశాను.

ప్రింట్ తీస్తే నా పేరు ముచ్చటగా వచ్చింది. టీచర్ గారి ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుడి బుగ్గకి కాపురం మార్చింది.

మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. "ఎవరక్కా ఈవిడ? మనకి చుట్టమా?"

టీచర్ గారు మాత్రం ఆ బొమ్మని చాలాసేపు చూశారు.

"నోర్ముయ్యరా. రోజూ అద్దంలో నాకు కనపడేది ఈవిడే. మీ ఫోటోల్లో ఉండే ఆవిడే నాకు ఎవరో తెలీదు."

తర్వాత నా వైపు తిరిగి ఆర్డర్ పాస్ చేశారు. "నేను పోతే ఫ్లెక్సీ కట్టొద్దు. మేఘాల్లో పాస్‌పోర్ట్ ఫోటో, అటో పావురం ఇటో పావురం, నా వల్ల కాదు. ఇది పెట్టండి."

నిన్న టీచర్ గారింటికి వెళ్లి చూస్తే ఆ ప్రింట్ వానలకి బూజు పట్టి ఉంది. రేకు ఉంది. మంచి పేపర్ ఒక్క షీటే మిగిలింది. తుడిచే మనిషే లేరు.

మావయ్య అప్పటికే ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చేశారు. పావురాలతో సహా.

"మావయ్యా, వద్దన్నారు కదండీ టీచర్ గారు."

"నాకు మాత్రం గుర్తులేదా? నీకు సరిగ్గా రాకపోతే రేపు పెట్టె పక్కన ఏం పెడతాంరా?"

న్యాయమైన ప్రశ్న. అడిగించుకున్నవాడికి సగం గడ్డం, మెడలో తువ్వాలు.

"సాయంత్రం దాకా ఆగండి" అని షెడ్డులోకి వెళ్లాను.

పేపర్ నానబెట్టాను. ఇంకు కూరాను. గుడ్డతో తుడిచాను. అరచేతి వంతు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

అప్పుడే లోపల గదిలో ఆడవాళ్లు టీచర్ గారి ముఖం కడుగుతున్నారు. చెంబులోంచి నీళ్లు పడే చప్పుడు షెడ్డు దాకా వినిపిస్తోంది.

నా చేతి కింద ఉన్నదీ ఆ ముఖమే.

మెల్లగా తుడిచాను. నుదురు, కళ్ల కింద, బుగ్గలు. అంట్లు తోమలేదు టీచర్ గారూ, ఒట్టు.

తలెత్తితే గుమ్మంలో మావయ్య. లోపలికి వచ్చి మిషన్ చక్రం పట్టుకుని తిప్పారు. నేను పేపర్ ఓ మూల నుంచి లేపాను.

"అక్కే" అన్నారు.

కళ్లు తుడుచుకుని ఫోన్ తీశారు. "బాబూ, ఫ్లెక్సీ వద్దులే. పావురాల్ని వదిలేయ్."

ఈ రోజు పొద్దున అద్దం ముందు నిలబడి మిగతా గడ్డం గీసుకుని భూస్థాపనకి వెళ్లాను. పెట్టె పక్కన ఆ ప్రింటే. వచ్చినవాళ్లలో సగం మంది నా చెవిలో, "మచ్చ ఇటు కాదు బాబూ, అటు" అని తప్పు దిద్దారు. "అవునండీ" అని అందరికీ తలూపాను.

ఫిర్యాదు చేసే హక్కున్న ఒకే ఒక్క మనిషికి ఆ మచ్చ సరైన చోటే ఉంది.

ఉంటాను టీచర్ గారూ. తుడుపు నాకు వచ్చేసింది, ఇక చేతులు కడుక్కుని హాయిగా పడుకోండి.