నీళ్లుండే ఊళ్లో తమ్ముడు

మొన్న మడకశిర బస్సులో ఒకామె ఒళ్లోని గొర్రెపిల్ల వాసన తగలగానే మా తాత గుర్తొచ్చాడు.

నా చిన్నప్పటి మాట. అది కరువు ఏడాది. అమ్మను కాన్పు కష్టమైందని బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోతే, అమ్మమ్మ, తాత నన్ను చూసుకున్నారు. తమ్ముణ్ణి తెస్తుందని అమ్మమ్మ చెప్పింది. అమ్మ ఒట్టి చేతులతో వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ దక్కలేదని నాకెవరూ చెప్పలేదు.

గడపలో కూర్చున్న తాతను అడిగాను. "తమ్ముడు యాడ తాతా? ఈడ నీళ్లు లేవని ఆడే వదిలొచ్చినారా?"

తాత ఒళ్లోని గొర్రెపిల్ల వీపు నిమిరాడు. తర్వాత గట్టిగా అన్నాడు. "ఊ. ఆడ నీళ్లు బాగుండాయి. వాడు సల్లగా ఉంటాడు లేమ్మా."

నేను నమ్మి, బడిలో కూడా అలాగే చెప్పాను.

లోపలున్న తన కూతురికి కూడా వినబడాలనే తాత గొంతు పెంచాడని నేను తల్లినయ్యాక తెలిసింది.