చెంబు దాచిన చెయ్యి

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా తోడికోడలికి తల్లి లేదు. కాన్పు ఆసుపత్రిలో అయినా, బాలింతగా ఉన్నది పి.గన్నవరంలో మా ఇంట్లోనే. పథ్యం వంటలు, వేన్నీళ్లు, పసిదాని గుడ్డలు, అన్నీ నా నెత్తినే. ఆమె మంచం దిగకపోతే నాకు ఒళ్లు మండేది.

కొన్నాళ్లకు ఆమె పాదాలు ఉబ్బాయి. బాలింత నీళ్లెక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని మా ఇళ్లలో కొంచెం కొంచెమే ఇస్తాం. చాటుగా తాగుతోందని నేనే తేల్చేసి, చెంబు దాచేశాను. పడుకుంటే దగ్గు, ఊపిరాడదు. గోడకి దిండు ఆన్చి కూర్చునే నిద్రపోయేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చూడలేదని ఎలా అనను?

బారసాల ముందురోజు నర్సమ్మగారు వచ్చి గుమ్మంలోనే అడిగారు.

"బాలింతకి ఆయాసం గానీ, దగ్గు గానీ ఏమన్నా ఉందాండీ?"

"అబ్బే, లేదండీ. కాస్త బద్ధకం, అంతేనండీ. ఇప్పుడే పడుకుంది."

ఎందుకన్నాను? ఉందంటే కాకినాడ తీసుకెళ్లమంటారు, పిలిచిన చుట్టాలు, మాట్లాడుకున్న వంటవాళ్లు, అన్నీ ఆగిపోతాయి, ఆసుపత్రిలో పక్కన కూర్చోవలసింది మళ్లీ నేనే. అదీ సంగతి. ఇంతకంటే మర్యాదైన కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు బిడ్డను ఉయ్యాలలో వేస్తూ ఆమె కూలబడిపోయింది. గుండె సాగి పెద్దదైందని, రక్తాన్ని సరిగా తోయలేకపోతోందని కాకినాడలో డాక్టరుగారు చెప్పారు. కొందరికి తాగుడు వల్ల, కొందరికి వైరస్ వల్ల, కొందరికి వంశంలో ఉండి వస్తుందట. ఈమెకు కాన్పు వల్ల. నీళ్ల వల్ల కాదు. పాపం, ఎవరికీ తెలియలేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ తల ఊపాను. సిగ్గు లేకుండా ఊపాను.

మందులు పనిచేశాయి. ఈమధ్య తీసిన స్కానులో గుండె మామూలుగా ఉందన్నారు. పాపను బడికి తనే నడిపించుకెళ్తోంది. వెంట వెళ్తే రొప్పేది నేనే. ఆ నడక చూస్తుంటే ప్రాణం లేచొస్తుంది, వెంటనే ఆ అబద్ధం గుర్తొస్తుంది.

నిన్న ఆమె కొబ్బరి కోరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"విన్నానక్కా. ఆవేళ నేను నిద్రపోలేదు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కాసేపటికి, "మంచినీళ్లియ్యక్కా" అంది. చెంబు నిండా తెచ్చిచ్చాను. గటగటా తాగింది. తాగినంతసేపూ అక్కడే నిలబడ్డాను. నా గొంతులో ఇప్పుడు ఆ మాట లేదు.