ఐసు పని తెలిసిన చేతులు

మా అమ్మ చేపలు అమ్ముతుంది. ఎవరైనా అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. గుడివాడలో కాలేజీ ల్యాబులో ఉద్యోగం వచ్చి అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు కూడా ముందు అదే చెప్పాను. ఒకే వీధిలో ఇద్దరు ఇంటివాళ్లు, "అయ్యో, నిన్ననే వేరేవాళ్లకి మాటిచ్చేశామమ్మా" అన్నారు. అదే వీధిలో మూడో ఇంట్లో ఉన్న రిటైర్డ్ మాస్టారు మాత్రం, "మీ అమ్మగారు పండుగప్ప తెస్తారా?" అని అడిగి, మేడమీద వాటా తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ ఇంట్లో ఏడేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మ ఆ ఇంటికి వస్తే మాస్టారు తనే లేచి కుర్చీ వేసేవారు. "అక్కయ్యా" అని పిలిచేవారు. బేరం మాత్రం గట్టిగా ఆడేవారు.

ఆయన ఒక ఎండాకాలం పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. పిల్లలు లేరు. భార్య శ్రీకాకుళంలో చెల్లెలికి ఆపరేషనైతే సాయానికి వెళ్లి పది రోజులైంది. పక్క వీధిలో ఉండే మాస్టారి తమ్ముడు వచ్చి పనులన్నీ మీద వేసుకున్నాడు. ఫోన్ చేసి ఆవిడకి చెప్పాల్సిన పని నామీద పడింది.

ఆవిడ ఏడవలేదు. "నేనొచ్చేదాకా ఉంచండమ్మా. ఆయన మొహం చూడాలి" అంది.

"మీరొచ్చేదాకా ఎవరూ కదపరు పిన్నిగారూ. పూచీ నాది" అనేశాను. ఎవర్ని చూసుకుని అన్నానో అప్పుడు నాకు తెలియదు. నోటి తొందర మొదట్నుంచీ ఉన్నదే.

పదకొండింటికి ఫ్రీజర్ పెట్టె వచ్చింది. తెల్లచొక్కా, తెల్లపంచె కట్టించి మాస్టారిని అందులో పడుకోబెట్టారు. పిన్నిగారు రైలెక్కానని మెసేజ్ పెట్టింది. బందరు అవతల మా ఊరినుంచి అమ్మ రోజూ మొదటి బస్సుకి గుడివాడ మార్కెట్‌కి సరుకు తెస్తుంది. ఆవేళ కబురు వినగానే సగం సరుకు అమ్మకుండానే రెండు థర్మాకోల్ పెట్టెలతో ఆటోలో వచ్చేసింది. వాటిని గేటు బయటే పెట్టి, కాళ్లు చేతులు కడుక్కుని, లోపలికెళ్లి మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టింది.

నాలుగింటికి ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. తరవాత మేడ మీద కంకర లారీ గుమ్మరించిన చప్పుడు. మా ప్రాంతంలో వడగళ్లంటే ఎప్పుడో ఓసారి నాలుగు పడితే పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకోవడమే. ఆ రోజు ఆగకుండా అరగంట పడ్డాయి. ఆగాక బయటికి వచ్చి చూస్తే మా వీధి నాకు తెలియలేదు. రోడ్డు లేదు, కాలువ లేదు, అరుగులు లేవు, అంతా తెలుపే. కాలు పెడితే చీలమండ దాకా దిగింది. వేపచెట్టు ఆకులన్నీ రాలిపోయి, వీధంతా పచ్చి వేపాకు వాసన. కార్ల అద్దాలు పగిలాయి, రేకులకి చిల్లులు పడ్డాయి, కరెంటు తీగలు తెగి వేలాడుతున్నాయి.

ముందు అందరూ సెల్ఫీలు దిగారు. అది అయ్యాక మనవాళ్లకి తెలిసిన పని ఒకటే కదా, వాకిలి కడగడం. చీపుళ్లు తెచ్చారు, బకెట్లతో నీళ్లు కొట్టారు, వడగళ్లన్నీ కాలువలోకి నెట్టడం మొదలుపెట్టారు. ఎదురింటి కుర్రాడు, ఫారిన్‌లో ఉప్పు చల్లుతారని ఫోన్‌లో చూశానంటూ రాళ్లుప్పు ప్యాకెట్ పట్టుకొచ్చాడు.

లోపల ఫ్రీజర్ పెట్టె ఆగిపోయింది.

పెట్టె ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే ఉన్న ఒక్క జనరేటరూ ఇంకో చావింట్లో ఉందన్నారు. ఐసు ఫ్యాక్టరీకీ కరెంటు లేదు, ఆ దారిలో చెట్లు పడిపోయాయి. అప్పుడే పిన్నిగారి ఫోన్. దారిలో తీగలు తెగి రైలు ఆగిపోయిందట, రేపు మధ్యాహ్నానికి గానీ చేరలేనంది. మాస్టారి తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు: "ఈ ఎండాకాలంలో రేపటిదాకా ఆగదమ్మా. చీకటి పడకముందే భూస్థాపన కానిచ్చేద్దాం. వదిన వచ్చాక సమాధి దగ్గర ప్రార్థన పెట్టిద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పిందీ తప్పు కాదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. పూచీ పడ్డది నేను. లేచి గేటువైపు నడిచాను.

గేటు దగ్గర మా అమ్మ ఒక వడగల్లు తీసి అరచేతుల మధ్య నొక్కి చూస్తోంది. "గట్టిదే" అంది. తరవాత వీధిలోకి చూసి ఒక్క కేక వేసింది.

"ఆపండమ్మా! నీళ్లు పొయ్యకండి! అది ఐసు!"

మా అమ్మ కేక బందరు చేపల రేవులో తయారైన కేక. వీధంతా ఆగిపోయింది.

"మాస్టార్ని నేను ఉంచుతాను బాబుగారూ" అంది మాస్టారి తమ్ముడితో. "పిన్నిగారు రేపు సాయంత్రం వచ్చినా సరే."

ఆయన గేటు బయటున్న పెట్టెలవైపు చూశాడు. "చేపల ఐసా అమ్మా, అన్నయ్యకి..." అని ఆగిపోయాడు. నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"చేపలకి వాసనుంటది గానీ ఐసుకి ఏముంటది బాబూ? ఇది ఫ్యాక్టరీది కూడా కాదు, పైనుంచి పడింది. నా పెట్టెలు దీన్ని తాకవు."

ఆయన తల ఊపాడు. ఆ తరవాత అరగంట ఆ వీధిని మా అమ్మే నడిపింది. మార్కెట్‌లో ఉన్న తోటి ఆడవాళ్లు ముగ్గురికి ఫోన్ చేస్తే కొత్త గంపలు, కొయ్య సుత్తులు, బియ్యం మిల్లు నుంచి రెండు బస్తాల ఊక ఆటోలో వేసుకుని వచ్చేశారు. ప్రతి గుమ్మంలోంచీ వడగళ్లు ఎత్తించింది. నాకు ఇల్లు ఇవ్వని ఆ ఇద్దరూ కూడా స్నానాల టబ్బులు నిండా మోసుకొచ్చారు. వాళ్లకి దారిచ్చి పక్కకి నిలబడ్డాను, కాస్త నవ్వుకున్నాను కూడా. అంత మంచిదాన్ని కాదు నేను.

గుండ్రాళ్లను అలాగే పేరిస్తే మధ్యలో గాలి దూరి కరిగిపోతాయట. అందుకని సుత్తులతో పొడి చేయించింది. ఎదురింటి కుర్రాడు ఉప్పు కలపబోతే, "ఉప్పేస్తే ఇప్పుడు జివ్వుమంటది, పొద్దుటికి నీళ్లవుద్ది. లోపల పెట్టెయ్" అంది. పెట్టెలోంచి ఆయన్ని మార్చడానికి మంచం వేయించి, తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి వంచింది, కరిగిన నీరు నిలవకుండా. ప్లాస్టిక్ పట్టా మీద ఐసు, దాని మీద ఇంకో పట్టా, దుప్పటి, ఆ పైన ఆయన. పొట్టకి రెండువైపులా, మెడ కింద, గుండె మీద కవర్లలో కట్టిన ఐసు. చొక్కాకి ఒక్క చుక్క తడి తగలనివ్వలేదు. మిగిలిన ఐసుని పెరట్లో నీడన గోనెల మీద కుప్పపోసి ఊకలో పూడ్చింది. కరిగిందానికి బదులు పెట్టడానికి ఆ కుప్ప మర్నాటిదాకా సరిపోయింది.

నేను ల్యాబులో పనిచేస్తాను. ఉష్ణోగ్రతల ప్రయోగం పిల్లలకి ఏడాదికోసారి చేసి చూపిస్తాను. ఆ సాయంత్రం ఆ ఇంట్లో సైన్సు తెలిసింది మా అమ్మ ఒక్కతే. గర్వంతో నాకు ఏడుపొచ్చింది. చావింట్లో ఏడిస్తే ఎవరూ కారణం అడగరు, అదొక సుఖం.

తన రెండు పెట్టెల చేపలకి మాత్రం ఆ ఐసులో గుప్పెడు కూడా తీసుకోలేదు. నలుగురూ కలిసి వాటిని చీల్చి, ఆ కుర్రాడి రాళ్లుప్పు పట్టించి పక్కన పెట్టేశారు. "ఎండబెట్టి అమ్ముకుంటే పోద్ది" అంది, అంతే.

మర్నాడు ఒంటిగంటకి పిన్నిగారు వచ్చింది. రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి ఆటో ఎక్కి, చెట్లు అడ్డం పడ్డచోట నడిచి వచ్చింది. చీర అంచుకి బురద. అమ్మ అప్పటికే ఐసు కవర్లన్నీ తీసేసి, మాస్టారి మొహం మెత్తటి గుడ్డతో అద్ది, జుట్టు దువ్వి ఉంచింది. నిద్రపోతున్నట్టే ఉన్నారాయన.

పిన్నిగారు ఆయన చెంప మీద చెయ్యి వేసి, "కాసేపు మమ్మల్ని వదిలేస్తారా" అని అడిగింది. తలుపు దగ్గరకి వేసి అందరం బయటికి వచ్చాం. పాస్టరుగారు బైబిల్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. లోపలినుంచి ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది. ఏడుపు కాదు, మాట్లాడుతోంది. ఒకసారి కోప్పడింది కూడా. మాటలు తెలియకుండా ఉండాలని నేను గేటు దాకా జరిగాను.

ముప్పావుగంటకి తలుపు తీసింది. అందరినీ దాటుకుని నేరుగా మా అమ్మ దగ్గరికి వచ్చింది. ఐసుకి పగిలి, తెల్లగా నానిపోయిన ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పాల్సిందంతా చెప్పేశాను అక్కయ్యా. ఇంక తీసుకెళ్లనివ్వండి."

అమ్మ పాస్టరుగారివైపు తిరిగి, మొదలుపెట్టమన్నట్టు తల ఊపింది.