ఆంటీకి చదివి వినిపించిన షేరు ధర

నా చిన్నప్పుడు, లీడ్స్‌లో మా పై ఫ్లాట్‌లో ఒక నర్సు ఆంటీ ఉండేది. గుంటూరు దగ్గర ఊరు. భర్త పోయాడు. నా ఈడు కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. పెద్ద ఫ్లాట్‌కు డిపాజిట్టూ, వీసాకూ టికెట్టుకూ డబ్బూ సమకూరితే పిల్లను తెచ్చుకోవాలని ఆసుపత్రి డ్యూటీ పట్టికలో దొరికిన ప్రతి షిఫ్టూ చేసేది. ఆ పిల్ల కోసం సేల్‌లో కొన్న ఎర్ర కోటు తలుపు వెనుక వేలాడుతుండేది. వచ్చేసరికి సరిపోవాలని ఒక సైజు పెద్దదే కొంది.

మా నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కంప్యూటర్ పని చేసేవాడికి కంప్యూటర్ కంపెనీల లోగుట్టు తెలుస్తుందని మావాళ్లందరి నమ్మకం. పాపం, మా నాన్న నమ్మకమూ అదే. ఆయన మాట మీద ఆంటీ తన పొదుపంతా ఒక ఇంటర్నెట్ కంపెనీ షేర్లలో పెట్టింది. అది ఏం అమ్ముతుందని అడిగితే, ఇంకా ఏమీ అమ్మడం లేదనీ, అమ్మడం మొదలుపెడితే షేరు ధర మనకు అందదనీ నాన్న నవ్వాడు. ఆంటీ ప్రార్థనలో కూతురి పేరు తరువాత ఆ కంపెనీ పేరు కూడా చేరింది.

రోజూ సాయంత్రం మా టీవీలో వార్తలూ షేర్ల ధరలూ అక్షరాల్లో చూపే టెలిటెక్స్ట్ పేజీల్లో ధర చూసి ఆమెకు చదివి చెప్పడం నా పని. ఆమె నన్ను తల్లీ అని పిలిచి పెట్టే ముద్దు కోసం పరుగెత్తుకుంటూ మెట్లెక్కేదాన్ని. క్రిస్మస్ నాటికి ఆమెకు కావలసినంత అయింది. చాలు, అమ్మేస్తానంది. కొన్నాళ్లు ఆగితే ఫ్లాట్ కొనుక్కోవచ్చని నాన్నే ఆపాడు.

వసంతంలో ధర పడటం మొదలైంది. ఆంటీకి తగ్గిందని చెప్పకు, మళ్లీ లేస్తుంది, ఊరికే బెంగపడుతుందని నాన్న నాతో అన్నాడు. నేను పాత ధరే చెప్పాను. ఆమె తలూపి, నా చేతిలో బిస్కెట్ పెట్టేది. సిగ్గులేకుండా తిన్నాను. అలా వారం గడిచింది.

ఒక సాయంత్రం యూనిఫాం మార్చుకోకుండానే ఆమె కిందికి వచ్చింది. నేను మామూలుగా అబద్ధం చెప్పాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"మా వార్డులోనూ టీవీ ఉంది తల్లీ. మొదటి రోజే చూశాను."

నాన్న తల ఎత్తలేదు. మరి ఎందుకు ఊరుకున్నారని నేనే ఏడుస్తూ అడిగాను.

"నువ్వు చెబుతుంటే కాసేపు నిజమనిపించేది. ఆ కాసేపట్లోనే అంతా పోయింది. నా తప్పే. చేదైనా సరే, ఇక ఎవరికీ ఇలా చెప్పకమ్మా."

నాన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయన మనసు తేలికపడేదేమో. ఆ తరువాత చాలాకాలం ఆయన మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే తలుపు తీయడం మానేశాడు.

చలికాలం రాగానే ఎర్ర కోటు తెచ్చి నాకు తొడిగింది. పిల్ల వచ్చేసరికి దానికి పట్టదులే అంటూ గుండీలు పెట్టింది. ఆ కోటు బరువు నాకు ఇప్పటికీ గుర్తే.

కూతురు వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. వచ్చిన రోజే మెట్ల దగ్గర నన్ను అడిగింది, ఫోన్‌లో అమ్మ చెప్పిన ఎర్ర కోటు ఎక్కడుందని. పోయిందని చెబితే సరిపోయేది. నేనే వేసుకున్నాననీ, పొట్టిదైపోతే పాత బట్టలు తీసుకునే చారిటీ షాపులో ఇచ్చేశామనీ చెప్పాను. ఆ పిల్ల చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా పిల్లలు నన్ను కటువు మనిషంటారు. ఏం చేయను? ఎవరైనా మంచి కబురు కోసం నా ముఖంలోకి ఆశగా చూస్తే, ఆంటీ పెట్టిన బిస్కెట్ గొంతులో అడ్డం పడుతుంది. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.