గట్టు మీది జావెలిన్

కొల్లేటికోటలో చేపల చెరువుకు కాపలా ఉండే నిత్యానందం, కూతురు షారోన్‌కు మైదానం ఇవ్వలేకపోయాడు. ఆమె గట్టు మీద నుంచి వెదురు జావెలిన్‌ను నీళ్లలోకి విసిరేది. అతను దోనెలో కాచుకుని ఉండి తెచ్చి ఇచ్చేవాడు. అన్నిటికన్నా దూరంగా పడినచోట ఒక కర్ర పాతాడు.

పదో తరగతి కాగానే, కోచ్ ఉన్న తాడేపల్లిగూడెం కాలేజీ రమ్మంది. మైదానమే లేని ఏలూరు హాస్టల్ కాలేజీ కూడా సీటిచ్చింది.

"ముందు చదువుకోమ్మా. బలం ఎక్కడికి పోతుంది?" అన్నాడు నిత్యానందం. చెరువులో వదిలిన చేపలాగే చేతిలోని బలమూ దానంతటదే పెరుగుతుందని అతని నమ్మకం. ఏలూరులోనే చేర్చాడు.

ఇంటర్ ముగించి 2004 వేసవిలో షారోన్ ఇంటికి వచ్చింది. ఇక డిగ్రీలో క్రీడాకారుల సీటుకు ఎంపిక పోటీలు. నిత్యానందం దోనెను కర్ర దాటించి ఆపాడు.

"ఇంకా వెనక్కి జరగనా అమ్మా?"

"అక్కడే ఉండండి నాన్నా."

వెదురు సగం దూరంలోనే పడింది.

"ఎదురుగాలి కదమ్మా" అన్నాడు. నీటి మీద అల కూడా లేదు.

మర్నాడు ఆమె లేవకముందే అతను కర్రను పీకి, గట్టుకు దగ్గరగా తెచ్చి పాతాడు. గట్టెక్కిన షారోన్ మొదట కర్రను చూసింది, తర్వాత మోచేతుల దాకా బురదైన తండ్రి చేతులను చూసింది.

"ఒక్కసారి విసురమ్మా."

ఆమె వెదురును మెల్లగా దోనెలో పెట్టింది.

"వల కట్టుకోడానికి పనికొస్తుంది, ఉంచండి నాన్నా."