ఒకవేళ బాబాయి, మిక్సీ సీసా

అమ్మడి బాబాయికి ఒకే ఒక్క జబ్బు. 'ఒకవేళ' అన్న మాట లేకుండా ఆయన నోట్లోంచి వాక్యం బయటికి రాదు. ఎండ మాడ్చేస్తున్నా సరే, "ఒకవేళ మబ్బు పడితే?" అంటూ గొడుగు చంకన పెడతాడు. ఒకటి కాదు, రెండు. ఒకవేళ మొదటిది విరిగితే! వంటింటి సామాన్లు తయారుచేసే కంపెనీలో ఆయన పరీక్షల అధికారి. అంటే, అక్కడ తయారైన వస్తువును ఎన్ని రకాలుగా పాడుచెయ్యవచ్చో కనిపెట్టినందుకు ఆయనకు నెలనెలా జీతమిస్తారు. ఆ ఉద్యోగం ఆయన కోసమే పుట్టిందని ఊరంతా ఒప్పుకుంటుంది.

ఒకసారి దుకాణానికి వెళ్ళి మూడు చెప్పులు అడిగాడు.

"మూడేంటి సార్?" అన్నాడు దుకాణదారు.

"ఒకవేళ ఒకటి తెగితే?"

"ఏ కాలిది తెగుతుంది సార్?"

బాబాయి స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి నాలుగు కొన్నాడు. "రెండు జతలంటే పోయేదిగా!" అని పిన్ని నెత్తి కొట్టుకుంటే, "రెండు జతలంటే దుబారా. ఇది జాగ్రత్త" అన్నాడు.

పిన్నికి ఇదేం కొత్త కాదు. "పెళ్ళికి ముందు నన్నడిగిన మొదటి మాటే 'ఒకవేళ నేను నీకు నచ్చకపోతే?' అని. అప్పుడు చూద్దాం లెండి అన్నాను. ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నాను" అని నవ్వుతుంది.

అలాంటి మనిషి చేతిలో పడింది అమ్మడి మిక్సీ సీసా!

అమ్మడు ఆయన అన్న కూతురు. అదే కంపెనీలో డిజైన్ గదిలో కొత్తగా చేరింది. చేరీ చేరగానే దాని బుర్రలో మెరుపు మెరిసింది: చేతిలో పట్టే నీళ్ళ సీసా, దాని అడుగునే చిన్న మోటారు, బ్లేడు. పాలు, పళ్ళముక్కలు వేసి బటన్ నొక్కితే నడుస్తూ నడుస్తూనే జ్యూసు! కంపెనీ యజమానురాలు మేడమ్ బొమ్మ చూడగానే కుర్చీలోంచి లేచింది. "భలే ఉందే! పెద్ద దుకాణాలకు సరుకు కొనే ఆయన వచ్చి చూస్తాడు. నచ్చిందా, నీ ఉద్యోగం ఖాయం. నచ్చలేదా, ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు అంటించుకుంటూ కూర్చోవాలి. ముందు మీ బాబాయి సంతకం తీసుకో" అంది.

"ఇంకేం! వడ్డించేవాడు మనవాడైతే కడపంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని డిజైన్ గది మొత్తం అమ్మడి వీపు తట్టింది. పాపం, వాళ్ళకేం తెలుసు!

మొదటి సీసాను బాబాయి సంచిలో వేసుకుని, పైన గొడుగులు కుక్కి, బస్సెక్కాడు. "ఒకవేళ సంచిలో బటన్ దానంతటదే నొక్కుకుంటే?" అన్నది ఆయన సందేహం. నొక్కుకుంది. బస్సు మలుపు తిరగ్గానే గొడుగు పిడి వెళ్ళి బటన్ మీద కూర్చుంది. సంచి గుర్రుమంది. పక్కసీటు పెద్దావిడ కెవ్వుమంది. డ్రైవరు బస్సాపి అందరికంటే ముందు తనే దూకాడు. ఖాళీ బస్సులో గుర్రుమంటున్న సంచిని ఒళ్ళో పెట్టుకుని బాబాయి ఒక్కడే ఆనందంతో ఊగిపోతున్నాడు.

"దొరికింది అమ్మడూ, దొరికింది!" అంటూ ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చాడు. మొహం చూస్తే లాటరీ తగిలినట్టే ఉంది.

"ఏం దొరికింది బాబాయ్?"

"నీ సీసాలో తప్పు!"

అమ్మడు పళ్ళు నూరుకుని, బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితేనే తిరిగేలా మార్చింది. బాబాయి దాన్ని బల్లమీంచి తోశాడు. బకెట్లో ముంచాడు. బోర్లించి తాగాడు. "ఒకవేళ తలకిందులుగా పట్టుకుంటే?" "అలా ఎవరు పట్టుకుంటారు బాబాయ్?" "నేను పట్టుకున్నానుగా!" అన్నాడు, చొక్కా నిండా అరటిపండు కారుతూ ఉండగా.

తర్వాత ఒక మధ్యాహ్నం వానకోటు తొడుక్కుని డిజైన్ గదిలోకి వచ్చాడు. బయట చుక్క వాన లేదు. "ఒకవేళ మూత పెట్టడం మర్చిపోతే?" అంటూ బటన్ టకటకా నొక్కేశాడు. అంతే! పాలూ అరటిపండూ కలిసి పైకప్పుకు అంటుకున్నాయి. అందులో ఒక ముద్ద, నిదానంగా ఆలోచించుకుని, అప్పుడే తలుపు తీసుకుని లోపలికి వచ్చిన అకౌంటెంటు బట్టతల మీద దిగింది. ఆయన పైకి చూశాడు, వానకోటు వైపు చూశాడు, తలుపేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మడికి ఏడుపొక్కటే తక్కువ. "పరాయివాళ్ళు కూడా ఇంత సతాయించరు బాబాయ్! నన్ను ప్యాకింగ్‌కి పంపితే గానీ నీకు నిద్రపట్టదా?"

"ఒకవేళ పంపితే పెట్టెలు గట్టిగా అంటించమ్మడూ. అవీ నా దగ్గరికే వస్తాయి పరీక్షకి."

అమ్మడు ఆయనతో మాట్లాడటం మానేసింది. అదృష్టం కొద్దీ సరుకు కొనే ఆయన రాక ఒకసారి వాయిదా పడింది, ఆపైన ఇంకోసారి పడింది. లేకపోతే అమ్మడి పని ఎప్పుడో అయిపోయేది.

ఇంట్లో అమ్మడు కోపంగా ఫ్రిజ్ తలుపు తీస్తూ వేస్తూ నిలబడింది. తీస్తే లైటు వెలుగుతోంది, వేస్తే ఆరుతోంది. తీసింది, వేసింది. ఉన్నట్టుండి గావుకేక పెట్టింది. "తలుపు వేసినట్టు దానికెలా తెలుస్తోంది?" మూతలో చిన్న అయస్కాంతం, సీసా మెడలో దాన్ని కనిపెట్టే స్విచ్చి! మూత గట్టిగా బిగిస్తేనే బ్లేడు కదులుతుంది. మర్నాడు కొత్త సీసా పట్టుకుని పరీక్ష గదికి పరుగో పరుగు. బాబాయి పొద్దుగూకేదాకా దానితో కుస్తీపట్టి, చివరికి సంతకం పెట్టాడు. "ఏమీ దొరకలేదమ్మడూ" అన్నాడు దిగులుగా.

సరుకు కొనే ఆయన వచ్చాడు. ఆయనది మాట తక్కువ, తొందర ఎక్కువ. చెప్పేది వినకుండానే సీసా లాక్కుని పాలు పోశాడు, పళ్ళముక్కలు వేశాడు. ఒక ముక్క ఇరుక్కుంది. బటన్ రెండుసార్లు నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. చప్పుడు లేదు.

"పనిచెయ్యట్లేదు" అన్నాడు. మేడమ్ మొహం మాడిపోయింది. అమ్మడికి కళ్ళ ముందు అట్టపెట్టెలు కొండలా పేర్చినట్టు కనిపించాయి. బాబాయి వైపు చూస్తే, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కనీసం గొంతు కూడా సవరించుకోలేదు. అప్పుడు అమ్మడి చూపు ఆ పెద్దమనిషి రెండో చేతి మీద పడింది.

"సార్, ఒకవేళ మీ వేలు లోపల ఉంటే?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఇరుక్కున్న ముక్కను తోస్తూ చూపుడువేలు సీసాలో, బ్లేడు పక్కనే ఉంది. నెమ్మదిగా వేలు బయటికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, మూత బిగించి బటన్ నొక్కాడు. సీసా ఝుమ్మంది! జ్యూసు ఒక్క గుక్కలో తాగేశాడు. "మా అన్ని దుకాణాలకూ పంపించండి. ముందు ఇది మా ఇంటికి. మా ఇంట్లో అందరూ నాలాంటివాళ్ళే" అన్నాడు.

చప్పట్లు, కేకలు, అకౌంటెంటు ఈలలు! ఆ హడావిడిలో మేడమ్ అమ్మణ్ణి పక్కకు లాగింది.

"మీ బాబాయి లేకపోతే ఆ పాత సీసానే చూపించేవాళ్ళం, తెలుసా? పిల్ల ఇంకా దారి వెతుకుతోంది, కాస్త గడువివ్వండి అంటే నేను ఒప్పుకోనని, 'పరీక్ష యంత్రం పాడైంది' అంటూ రెండుసార్లు వాయిదా వేయించాడు. ఆలస్యానికి తిట్లన్నీ తనే తిన్నాడు."

"పరీక్ష యంత్రమా?"

"ఆ గదిలో ఉన్నది ఓ బల్ల, ఓ బకెట్టు. కంపెనీ నాదేగా, నాకు తెలీదూ?"

అమ్మడు పరుగెత్తింది. బాబాయి అప్పటికే ఒక కొత్త గరిటెను బకెట్లో ముంచుతున్నాడు.

"బాబాయ్! నా కోసం అబద్ధమాడావా? మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? నేను నీతో మాట్లాడటం కూడా మానేశానే!"

"బాబాయి కాబట్టి వదిలేశాడని ఒక్కడు అన్నా చాలు, సీసా నీది కాకుండా పోయేది తల్లీ. ఇప్పుడెవడంటాడు? అడిగింది నేనే, చేసింది నువ్వే." గరిటె పక్కనపెట్టి గొంతు తగ్గించాడు. "యంత్రం సంగతి నీకెవరు చెప్పారు?"

"మేడమే! ఆవిడకి మొదటినుంచీ తెలుసట. ఈ గదిలో యంత్రమే లేదుగా!"

బాబాయి నోరు తెరిచాడు. బల్ల వైపు చూశాడు, బకెట్టు వైపు చూశాడు. మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"అరెరే! అదొక్కటి ఆలోచించలేదే!"