దర్జీ భాయ్ పాస్ చేసిన సినిమాలు

మొఘల్‌పురా హోటల్లో ఉల్లిగడ్డ సమోసా రోజురోజుకూ చిన్నదైపోతోంది. ఒక్క కొరుకుకు సగం, రెండో కొరుకుకు ఖాళీ చెయ్యి. మొన్న పొద్దున హోటలాయనతో ఈ విషయం మీదే తగువు పెట్టుకుని కూర్చున్నాను. పక్క బల్ల దగ్గరాయన లేచి వచ్చి, మా గల్లీ దర్జీ భాయ్ తెల్లవారుజామున, ఫజర్ నమాజు వేళకు చనిపోయాడని చెప్పాడు. సమోసా చేతిలోనే ఉండిపోయింది.

ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇరవై ఏళ్ళు మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే. నేను ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం తూకం వేసేవాణ్ణి, ఆయన మిషన్ తొక్కేవాడు. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఇద్దరం కొత్త సినిమాకు, మ్యాట్నీకి పోయేవాళ్ళం. శనివారం పొద్దున గల్లీ అంతా ఆయన మిషన్ చుట్టూ చేరేది. ఆయన పాస్ అంటే సినిమాకు పోయేవారు, ఫెయిల్ అంటే ఇంట్లో పడుకునేవారు.

దర్జీ కళ్ళతోనే సినిమా చూసేవాడు. పౌరాణికాల్లో కిరీటం ఊగినా క్షమించేవాడు గానీ, ఫైటింగ్‌లో చొక్కా చినిగే చోటు మాత్రం పట్టిపట్టి చూసేవాడు. "కుట్టు కాడ చినగాలె. నడుమ చినిగిందంటే ముందే బ్లేడు పెట్టిండ్రు," అనేవాడు. దయ్యం కనబడగానే హాలంతా కళ్ళు మూసుకుంటే, ఈయన నా చెవిలో, "అన్నా, స్మశానంల దీని చీరకు ఇస్త్రీ ఎవరు చేసిండ్రే?" అని అడిగేవాడు. ఇక నా నవ్వు ఆగేది కాదు.

ప్రాణం మాత్రం ఏడుపు సినిమాల మీద. తెర మీద వాన పడుతూ, మనుషులు ఏమీ అనకుండా నిలబడి ఉంటే, ఆ వెలుగు ఆయన మొహం మీద నీళ్ళలా కదిలేది. "మాటలు బంద్ అయినంకనే సిన్మా షురువైతది," అనేవాడు.

తర్వాత షుగర్ జబ్బు కళ్ళ మీదకు వచ్చింది. తెర ఆయనకు తెల్లటి మసక అయిపోయింది. చేతులు వణుకుతున్నాయని అందరికీ చెప్పి మిషన్ కొడుక్కి ఇచ్చేసి, దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"బట్టలు ఎవడైనా కుడతడు అన్నా. కండ్లు లేవని తెలిస్తే సిన్మా ముచ్చట నన్నెవరు అడుగుతరు?" అన్నాడు నాతో.

అప్పట్నుంచి నా భుజం మీద చెయ్యేసి నడిచేవాడు. దోస్తీ అనుకున్నారు జనం. హాల్లో చీకట్లో, జరిగేదంతా ఆయన చెవిలో చెప్పేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ రాదు. ఒకసారి హీరో చొక్కాకు గుండీలు ఆడవాళ్ళ వైపు కుట్టారన్నాను. వారం రోజులు ఆ దర్జీని తిట్టాడు.

ఒక ఏడుపు సినిమాకు ఇంటర్వెల్లోనే తేల్చేశాడు. "ఈ పిల్ల ఆఖరికి రైలెక్కి పోతది. రాసిపెట్టుకో." ఆయన చెప్పిన ముగింపు ఎప్పుడూ తప్పేది కాదు. అదే నాకు మంట.

చివర్లో స్టేషన్. మాటల్లేవు. కూత, చక్రాల చప్పుడు. భాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమైతుందే?"

"దిగింది భాయ్. ఓడిపోయినవ్."

లైట్లు వెలిగినా నా మణికట్టు వదల్లేదు. తర్వాత మెల్లగా, "ఓడిపోతే గింత మంచిగుంటదా," అన్నాడు.

శనివారం ఆ సినిమాను పాస్ చేశాడు. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదన్నాడు. అదే మ్యాట్నీ చూసిన ఆటో ఆయన గుంపులోంచి, "ఆమె యాడ దిగింది భాయ్?" అన్నాడు. గుట్టు ఇప్పుడే బయటపడుతుందనుకున్నాను.

"చెప్పులు ఎతుక్కుంట ముందే లేసినట్టున్నవ్," అని భాయ్ గద్దించాడు. "తెర పడేదాంక కూసోవాలె."

గద్దించాడు గానీ, ఆటో ఆయన నిలబడని వైపు చూస్తూ గద్దించాడు. ఆటో ఆయన ఆ కళ్ళను చూశాడు, నన్ను చూశాడు.

"అవ్ భాయ్, ముందే లేసిన. దిగే ఉంటది," అన్నాడు.

ఆ వారమంతా ఆ సినిమా చూసొచ్చిన ప్రతివాడూ మిషన్ దగ్గర ఆగి, దిగింది భాయ్ అని చెప్పిపోయాడు. ఎవరు ఎవరికి చెప్పారో నాకు తెలియదు. శనివారాలు ఆయనకే ఉండిపోయాయి, మొన్నటిదాకా.

ఆయనకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఆమె దిగలేదు. జోస్యం ఆయనదే నిజం. కిటికీలోంచి పసుపుపచ్చ కొంగు ఎగురుతూ దూరమైంది. ఖాళీ ప్లాట్‌ఫారం మీద పొగ మిగిలింది. ఒక్కసారైనా భాయ్‌ను గెలవాలని, ఆ పొగలోంచి ఆమెను నేనే దింపాను.